ఒక ఇంటి వదులు తీగ... వాడంతా మూగ!

కేబుల్ ఇంటర్నెట్‌లో ‘పైదారి’ రొదను పట్టిచ్చే యంత్రం

పొద్దున ఏడయిందంటే చాలు, ఊరు ఊరంతా ఇంటర్నెట్ బంద్. ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు, ఏడాదిన్నర పాటు ఇదే వరస. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో అబెర్‌హోసన్ అనే చిన్న పల్లె వాసులు పడిన అవస్థ ఇది. తీగల సంస్థ ఓపెన్‌రీచ్ వారు పలుమార్లు వచ్చి చూశారు. తీగ పాతబడిందేమోనని చాలా మేరకు కొత్త తీగ వేశారు. అయినా ఏడు గంటలకు ఏడుపు తప్పలేదు.

చివరికి బయటి నుంచి ఇంజనీర్ల బృందం ఒకటి ఊళ్లో దిగింది. తెల్లవారుజామున ఆరు గంటలకే జోరువానలో తడుస్తూ, ‘స్పెక్ట్రం ఎనలైజర్’ అనే పరీక్షా యంత్రాన్ని చేతపట్టుకుని వీధుల వెంట అటూ ఇటూ తిరిగింది. సరిగ్గా ఏడు కాగానే యంత్రంలో విద్యుత్ రొద ఒక్కసారిగా ఎగసింది. ఆ జాడ పట్టుకుని పోతే ఒక ఇంటి దగ్గర తేలింది. లోపల ఉన్నది ఒక పాత టీవీ. ఎవరో వాడి అమ్మితే కొన్నది. పొద్దున లేవగానే ఆ ఇంటివారు టీవీ పెట్టడం, ఊరికి ఇంటర్నెట్ పోవడం. సంగతి తెలిసి వారు సిగ్గుతో కుంగిపోయారు, ఇక దాన్ని వెయ్యబోమని మాట ఇచ్చారు. ఆనాటితో పీడ వదిలింది. 2020 సెప్టెంబరులో ఈ వార్త ప్రపంచమంతా పాకింది.

దొంగను పట్టింది మనుషులే అయినా, పట్టిచ్చింది మాత్రం ఆ యంత్రమే.

కాలువ వేరు... వాగు వేరు

అబెర్‌హోసన్‌లో ఇంటర్నెట్ వచ్చేది టెలిఫోను తీగ మీద. టీవీ కేబుల్ మీదే ఇంటర్నెట్ ఇచ్చే చోట్ల ఈ జబ్బు ఇంకా ముదురుగా ఉంటుంది. అమెరికాలో కోట్లాది ఇళ్లకు ఇంటర్నెట్ చేరేది ఇలాగే. జబ్బు ఎందుకు ముదురో తెలియాలంటే మన నీటి దారులను ఒకసారి గుర్తు చేసుకుంటే చాలు.

కంట్రోల్ రూం నుంచి ఇంటికి వచ్చే సిగ్నల్ పంటకాలువ లాంటిది. పైన వదిలిన నీరు మేజరుకు, మైనరుకు, పిల్లకాలువకు, ఆ తరవాత మడికి చేరుతుంది. ఒకరి పిల్లకాలువలో బురద కలిస్తే ఆ మడికే నష్టం. పక్క కాలువ నీరు తేటగానే ఉంటుంది.

ఇంటి నుంచి కంట్రోల్ రూంకు వెళ్లే సిగ్నల్ అలా కాదు. అది వాన నీటి దారి లాంటిది. చేలల్లోంచి పారిన నీరు బోదెల్లో, బోదెలు వాగులో, వాగు చెరువులో కలుస్తాయి. ఎవరి చేలో పురుగుమందు కలిసినా అది చెరువు మొత్తానికి అంటుతుంది. ఒక నోడ్ కింద 500 ఇళ్లుంటే ఆ 500 ఇళ్లవారు పంపే మాటతో పాటు, 500 ఇళ్ల తీగల్లో దూరిన రొద కూడా ఒకేచోట కుప్ప పడుతుంది. విచిత్రమేమంటే ఇంటర్నెట్ వాడని ఇల్లు కూడా ఈ లెక్కలోకి వస్తుంది. టీవీ కోసం వేసుకున్న తీగ వదులుగా ఉన్నా రొద లోనికి దిగుతుంది.

అందుకే ఇలాంటి చోట జబ్బు లక్షణాలు తికమక పెడతాయి. టీవీ బొమ్మ నిక్షేపంగా ఉంటుంది. వీడియో కాల్‌లో అవతలివారి మాట చక్కగా వినిపిస్తుంది, ఇవతలి మాటే వారికి తునకలు తునకలుగా చేరుతుంది. ఫొటో పంపితే సగంలో ఆగుతుంది. రొద మరీ ముదిరితే మోడెం కంట్రోల్ రూంతో సంబంధం తెగి, మళ్లీ మొదటినుంచీ కలుపుకోవడం మొదలుపెడుతుంది. ఫోన్ చేసి చెబితే ‘మీ ఇంట్లో సిగ్నల్ బాగానే ఉంది కదా’ అనే జవాబు వస్తుంది. నిజానికి ఆ మాట తప్పు కాదు. ఇంటికి వచ్చే సిగ్నల్ బాగానే ఉంది. పోయేదే బాగాలేదు.

షార్ట్‌వేవ్ వాడలో కాపురం

కేబుల్ మధ్యలో ఉండేది ఒకే తీగ. దాని మీదనే రెండు వైపులా రాకపోకలు సాగాలి. ఇందుకోసం ఫ్రీక్వెన్సీలను పంచారు. పంపకం మాత్రం సమానంగా జరగలేదు. కేబుల్ టీవీ పుట్టిన రోజుల్లో బొమ్మ కిందికి రావడమే తప్ప, ఇంటినుంచి పైకి పంపవలసింది ఏముంటుంది? కనుక ఎగువ భాగమంతా టీవీ చానళ్లకు ఇచ్చి, అడుగున మిగిలిన 5 నుంచి 42 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న ఇరుకు సందును పైదారికి వదిలారు. ఇది అమెరికా లెక్క. ఐరోపాలో 65 మెగాహెర్ట్జ్ వరకు ఇచ్చారు. 2013లో వచ్చిన కొత్త పద్ధతిలో ఈ సందును 204 మెగాహెర్ట్జ్ దాకా వెడల్పు చేసుకునే వీలు కల్పించారు గాని, అందుకు దారిపొడవునా యాంప్లిఫయర్లను మార్చవలసి ఉంటుంది.

సందు ఇరుకైతే సర్దుకోవచ్చు. ఇరుగుపొరుగు చెడ్డవారైతేనే చిక్కు. పాత తరం వారికి షార్ట్‌వేవ్ రేడియో గుర్తుండే ఉంటుంది. రాత్రిపూట సిలోన్ కోసం ముల్లు తిప్పుతుంటే ఎక్కడెక్కడి దేశాల స్టేషన్లో వచ్చి పడేవి. పక్కింట్లో మోటారు వేస్తే రేడియోలో గరగరమనేది. ఆ షార్ట్‌వేవ్ స్టేషన్లు నడిచేది ఈ పైదారి ఫ్రీక్వెన్సీల్లోనే. హామ్ రేడియోవాళ్లు మాట్లాడుకునేదీ అక్కడే. మోటార్లు, వెల్డింగ్ మిషన్లు, చవకబారు చార్జర్లు, చోకు లైట్లు చిమ్మే విద్యుత్ రొద కూడా ఎక్కువగా ఈ అడుగు భాగంలోనే ఉంటుంది.

కేబుల్‌కు పైన అల్లిక తొడుగు ఉంటుంది. కనెక్టర్ బిగువుగా ఉన్నంతకాలం ఆ తొడుగు బయటి రొదను లోనికి రానివ్వదు. కనెక్టర్ వదులైనా, ఉడత కొరికినా, తీగ మెలిపెట్టి టేపు చుట్టి అతికినా ఆ చోటు ఏరియల్‌గా మారిపోతుంది. అనుభవజ్ఞులైన టెక్నీషియన్లు చెప్పేదాని ప్రకారం పైదారి రొదలో అత్యధిక భాగం పెద్ద లైన్లలో పుట్టదు. ఇళ్ల లోపలి తీగల్లో, ఇంటికి దిగే తీగలో పుడుతుంది.

మిణుగురుల్ని లెక్కపెట్టడం

రొదను కొలవడానికి మీటరు పెడితే సరిపోదా అని అడగవచ్చు. కిందికి వచ్చే సిగ్నల్‌కు అయితే సరిపోతుంది. అది ఎప్పుడూ వెలిగే బల్బు లాంటిది, తీరిగ్గా కొలవవచ్చు. పైకి వెళ్లేది మిణుగురు లాంటిది.

ఒకే దారిని వందలాది మోడెంలు పంచుకోవాలి కనుక అందరూ ఒకేసారి మాట్లాడితే గందరగోళమే. అందుకని కంట్రోల్ రూంలోని యంత్రం ప్రతి మోడెంకు వంతు కేటాయిస్తుంది. ‘నువ్వు ఫలానా క్షణాన, ఇంతసేపు మాట్లాడు’ అని ముందే చెబుతుంది. మోడెం తన వంతు రాగానే ఠక్కున చెప్పేసి నోరు మూసుకుంటుంది. చిన్న మాటైతే సెకనులో వెయ్యోవంతు కూడా పట్టదు. అంతలో ఇంకో ఇంటి మోడెం అందుకుంటుంది. అమెరికాలో కేబుల్ సంస్థలు 1988లో నెలకొల్పుకున్న కేబుల్‌ల్యాబ్స్ 1997లో ఖరారు చేసిన డాక్సిస్ పద్ధతిలో ఈ వంతుల ఏర్పాటే ప్రాణం.

మామూలు మీటరు మాటనూ మౌనాన్నీ కలిపి సగటు చూపిస్తుంది. ఆ అంకె ఎందుకూ కొరగాదు. స్పెక్ట్రం ఎనలైజర్ అయితే రెండు పనులు చేస్తుంది. మొదటిది, మెరిసిన ప్రతి మెరుపులో అత్యధిక ఎత్తును తెరపై నిలిపి ఉంచడం. కాసేపు అలా ఉంచితే చానల్ మొత్తం గుడి గోపురంలా కనిపిస్తుంది. రెండోది ఇంకా ముఖ్యం. ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర నిలబడి, కాలం గడిచేకొద్దీ ఏం జరుగుతోందో గీసి చూపడం. అప్పుడు తెరపై మోడెంల మాటలు నిట్రాళ్లలా నిలువుగా లేస్తాయి. ఒక నిట్రాటికీ మరొక నిట్రాటికీ మధ్య ఖాళీలో కింద ఎంత ఎత్తున గడ్డి మొలిచిందో అదే అసలు రొద. మాటలు ఆగినప్పుడే రొద ఎంతో తెలుస్తుంది. బజారులో మైకు ఆగితే గాని పక్కనున్న పిండిమర చప్పుడు తెలియదు కదా!

తెరపైన చుక్కల ముగ్గు

కొంచెం ఖరీదైన యంత్రాలు మరో అడుగు వేస్తాయి. మోడెం మాటను అవి కూడా విని, విప్పి, తెరపై చుక్కలుగా పెడతాయి. అచ్చం సంక్రాంతి ముగ్గే. నాలుగు చుక్కల ముగ్గు, నాలుగు వరసల నాలుగేసి చుక్కలతో పదహారు చుక్కల ముగ్గు, ఎనిమిది వరసల ఎనిమిదేసి చుక్కలతో అరవై నాలుగు చుక్కల ముగ్గు. చుక్కలు ఎన్ని ఎక్కువైతే ఒక్క చుక్కతో అంత ఎక్కువ సమాచారం పోతుంది. నాలుగు చుక్కల ముగ్గులో చుక్కకు 2 బిట్లయితే, పదహారులో 4, అరవై నాలుగులో 6. 1997 నాటి తొలి పద్ధతిలో పదహారు చుక్కలే గరిష్ఠం. 2001లో వచ్చిన రెండో పద్ధతితో అరవై నాలుగు చుక్కలు వచ్చాయి.

వాకిలి అంతే ఉండగా చుక్కలు పెరిగితే దగ్గర దగ్గరగా పెట్టవలసిందే. దగ్గరైతే ఒకదానిలో ఒకటి కలిసిపోయే ప్రమాదమూ ఎక్కువే. అనుభవం ఉన్న టెక్నీషియన్ ఈ ముగ్గు వాలకాన్ని చూసే జబ్బు చెప్పేస్తాడు. చుక్కలు సన్నగా, చెక్కినట్టు ఉంటే దారి శుభ్రంగా ఉందన్నమాట. చుక్కలన్నీ దూదిపింజల్లా ఉబ్బితే అన్నివైపులనుంచీ రొద కలుస్తోంది. ప్రతి చుక్కా మధ్యలో బోలుగా, గారెలా కనిపిస్తే ఏదో ఒక్క రేడియో స్టేషన్ లాంటి నికరమైన తరంగం లోపలికి దూరింది. ముగ్గు నాలుగు మూలలూ లోపలికి నొక్కుకుపోతే యాంప్లిఫయర్ మీద మోయలేనంత బరువు పడుతోంది. ముగ్గు ఎప్పుడూ బాగానే ఉండి, ఎక్కడో ఒకటి రెండు చుక్కలు దూరంగా విసిరేసినట్టు పడుతుంటే, అది అప్పుడప్పుడు వచ్చిపోయే మోటారు రకం రొద.

చుక్కలు తమ చోటునుంచి ఎంత జరిగాయన్నది యంత్రం డెసిబెల్ అంకెగా కూడా చూపిస్తుంది. అరవై నాలుగు చుక్కల ముగ్గు నిలవాలంటే ఆ అంకె పాతిక పైన ఉండటం మేలు. నాలుగు చుక్కల ముగ్గు అందులో సగంతోనే నెట్టుకొస్తుంది. రొద పెరిగినప్పుడు కంట్రోల్ రూం యంత్రం తానే ముగ్గును చిన్నది చేయగలదు. అరవై నాలుగు నుంచి నాలుగుకు దిగితే దారి తెగిపోదు గాని వేగం మూడోవంతుకు పడిపోతుంది. ఒక ఇంట్లో కనెక్టర్ వదులైతే, దాని మూల్యం ఆ నోడ్ కింద ఉన్నవారంతా ఇలా చెల్లిస్తారు. 2020లో లాక్‌డౌన్ వచ్చి పిల్లల చదువులు, పెద్దల ఉద్యోగాలు ఇళ్లలోనే సాగినప్పుడు ఈ లోటు బాగా బయటపడింది. అప్పటిదాకా జనం చూడటమే ఎక్కువ. ఆ ఏడాది అందరూ మాట్లాడవలసి వచ్చింది.

గొంతు చించుకునే మోడెం, బావిలో కేక

ఇంట్లో ఉన్న మోడెం కూడా ఓ సాక్షే. చెవుడు వచ్చిన పెద్దాయన ముందు గట్టిగా అరిచి మాట్లాడతారు కదా. కంట్రోల్ రూంకు మాట సన్నగా చేరితే అది మోడెంను ‘ఇంకొంచెం గట్టిగా’ అంటుంది. మోడెం గొంతు పెంచుతూ పోతుంది. కనుక ఏ ఇంటి మోడెం తన శక్తికి మించినంతగా అరుస్తోందో చూస్తే, ఆ దారిలో ఎక్కడో తుప్పో, నీరు దిగిన తీగో మాటను మింగేస్తోందని అర్థం. పక్క ఇళ్ల మోడెంలన్నీ మామూలుగా ఉండి ఒక్కటే అరుస్తుంటే తప్పు ఆ ఇంట్లోనే. నాలుగిళ్లవీ కలిసి అరుస్తుంటే తప్పు స్తంభం మీద.

ఇంకో ఉపాయం మరీ ముచ్చటైనది. బావిలోకి కేకేస్తే మారుమోగుతుంది. కేబుల్‌లోనూ అంతే. అతుకు సరిగా లేని చోట సిగ్నల్ కొంత వెనక్కి తిరిగి, అసలు మాట వెనకాలే ప్రతిధ్వనిగా వస్తుంది. రెండో పద్ధతి మోడెంలకు ఈ ప్రతిధ్వనిని ముందే ఊహించి మాటను దిద్ది పంపే నేర్పు ఉంది. అందుకు 24 మెట్ల సవరణ పట్టిక ఉంటుంది. ఏ మెట్టు మీద ఎక్కువ సవరణ జరుగుతోందో చదివితే ప్రతిధ్వని ఎంత ఆలస్యంగా వస్తోందో తెలుస్తుంది. మంచి కేబుల్‌లో సిగ్నల్ సెకనులో పదిలక్షోవంతు కాలంలో సుమారు 260 మీటర్లు పోతుంది. పోయి రావడం కనుక దాన్ని సగం చేస్తే, బాగా వెడల్పాటి చానల్‌లో పట్టికలోని ఒక్కో మెట్టు సుమారు 25 మీటర్ల తీగకు సమానం. అంటే నాలుగో మెట్టు ఎక్కువగా కదులుతుంటే, ఒకదానికొకటి సుమారు 100 మీటర్ల దూరంలో ఉన్న రెండు అతుకుల మధ్య సిగ్నల్ కొట్టుకులాడుతోందన్నమాట. కంట్రోల్ రూంలో కుర్చీలో కూర్చునే చెడు అతుకు ఏ రెండు స్తంభాల మధ్య ఉందో అంచనా కట్టవచ్చు. కేబుల్‌ల్యాబ్స్ 2010లో ఈ విధానాన్ని కేబుల్ సంస్థల ముందు పెట్టింది. జనం ఫిర్యాదు చేయక మునుపే తప్పు పట్టడం దీని ఉద్దేశం.

స్తంభం స్తంభం దిగుతూ...

పట్టిక చదివినా, చివరికి నిచ్చెన ఎక్కక తప్పదు. వెతికే పద్ధతి వాగు వెంట పైకి నడిచి, మందు కలిసిన చేనేదో కనుక్కోవడం లాంటిదే. టెక్నీషియన్ ముందు నోడ్ దగ్గర నిలబడతాడు. అక్కడ మూడు నాలుగు కొమ్మలు కలుస్తాయి. ప్రతి కొమ్మకూ పరీక్షా రంధ్రం ఉంటుంది. సరఫరా ఆపకుండా యంత్రాన్ని అందులో పెట్టి ఏ కొమ్మలోంచి రొద వస్తోందో చూస్తాడు. మిగతావి వదిలేసి ఆ కొమ్మ వెంట తరువాతి యాంప్లిఫయర్‌కు పోతాడు. అక్కడా అదే పని. రొద కనిపిస్తున్నంత దూరం ముందుకు, కనిపించకుండా పోతే ఒక స్తంభం వెనక్కు. ఇలా వడపోస్తూ పోతే 500 ఇళ్లు వందవుతాయి, వంద ఎనిమిదవుతాయి, ఎనిమిది ఒకటవుతుంది.

చెప్పినంత సులువు కాదు. రొద ఎప్పుడూ ఉండదు. షార్ట్‌వేవ్ రకం రొద రాత్రి ఒకలా, పగలు ఒకలా ఉంటుంది. మోటారు రకం రొద ఎవరో స్విచ్చి వేస్తేనే వస్తుంది. టెక్నీషియన్ వచ్చేసరికి పంటినొప్పి డాక్టరు గుమ్మంలో తగ్గినట్టు అంతా సర్దుకుంటుంది. అన్నిటికన్నా టక్కరిది తుప్పు రొద. తుప్పు పట్టిన అతుకు టీవీ చానళ్లను ఒకదానితో ఒకటి కలగలిపి, పైదారిలో సమానమైన దూరాల్లో వరసగా మొటిమల్లాంటి గుర్తులు లేపుతుంది. అమెరికాలో చానల్ వెడల్పు 6 మెగాహెర్ట్జ్ కనుక ఆ మొటిమలు సరిగ్గా 6 మెగాహెర్ట్జ్‌కు ఒకటి చొప్పున వస్తాయి. యంత్రం తెర మీద ఆ వరస చూడగానే ఇది తుప్పేనని తెలుస్తుంది. అయితే స్తంభం ఎక్కి పెట్టె మూత తీస్తే చాలు, ఆ కదలికకే అతుకు సర్దుకుని రొద మాయమవుతుంది. బాగు చేశాననుకుని దిగిపోయిన టెక్నీషియన్ వారం తిరక్కుండా మళ్లీ అదే స్తంభం ఎక్కుతాడు. తెలిసినవాడు అతుకును ముట్టుకోకముందే యంత్రాన్ని తగిలించి, ఆ తరవాత ఒక్కో అతుకునూ మెల్లగా తట్టి చూస్తాడు.

మన ఊళ్ల సంగతి

తెలుగు పల్లెల్లో 1990ల నుంచి కేబుల్ టీవీ పాకింది. డిష్ పెట్టి, కరెంటు స్తంభాలమీద, చెట్లమీద, మేడలమీద తీగ లాగి, ఎక్కడ తెగితే అక్కడ మెలిపెట్టి టేపు చుట్టి నడిపించారు. టీవీకి అది సరిపోయింది. నీరు కిందికి పారడమే కావాలి కనుక కాలువ గట్టు కాస్త కారినా పంట ఎండలేదు. అదే తీగ మీద ఇళ్లనుంచి పైకి మాట పంపాలంటే మాత్రం ప్రతి అతుకూ తిరిగి కట్టవలసి వచ్చేది. అందువల్ల ఆ ఘట్టాన్ని మన పల్లెలు చాలావరకు దాటేసి, నేరుగా ఫైబర్‌కు వెళ్లాయి. ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు స్తంభాల మీదుగా గాజు తీగ లాగిన ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు.

ఫైబర్‌లో పోయేది వెలుగు. దానిలోకి షార్ట్‌వేవ్ దూరదు, మోటారు రొదా దూరదు. పాత టీవీ ఎంత గోల చేసినా గాజు తీగకు పట్టదు. అంతమాత్రాన పైదారి చిక్కు పూర్తిగా పోలేదు. ఇళ్లకు వేసే ఫైబర్‌లో కూడా ఒక పెద్ద తీగ 32 ఇళ్లకో, 64 ఇళ్లకో చీలుతుంది. కిందికి ఒక రంగు వెలుగు, పైకి మరో రంగు వెలుగు. పైకి పంపేటప్పుడు ఇక్కడ కూడా ఇంటింటికీ వంతులే. ఏదో ఒక ఇంట్లో పెట్టె చెడి, తన వంతు కాకపోయినా వెలుగు చిమ్ముతూ కూర్చుంటే మిగతా ఇళ్ల వెలుగంతా అందులో కొట్టుకుపోతుంది. చెడిన పెట్టె ఉన్న ఇల్లు ఒక్కటే, ఇంటర్నెట్ పోయేది మాత్రం అందరి ఇళ్లలో. అప్పుడు టెక్నీషియన్ వెలుగును కొలిచే చిన్న మీటరు పట్టుకుని, చీలిక పెట్టె దగ్గర ఒక్కో తీగనూ ఊడదీసి, ఏ తీగ తీస్తే మిగతా ఇళ్లు లేచాయో చూస్తాడు.

ఆ వెతుకులాటలో అతనికి వినియోగదారులు చేయగల సాయం ఒకటుంది. ‘ఇంటర్నెట్ రావడం లేదు’ అని ఊరుకోకుండా, ఏ వేళకు పోతోంది, ఎంతసేపు పోతోంది, పక్క ఇళ్లలోనూ పోతోందా అన్నది నాలుగైదు రోజులపాటు కాగితం మీద రాసి ఇవ్వడం. అబెర్‌హోసన్‌లో ఇంజనీర్లు ఆరు గంటలకే వానలో నిలబడగలిగింది, అది ఏడు గంటలకే పోతుందని ఊరంతటికీ తెలుసు కాబట్టే.